బొమ్మ ముక్కల మీద సూదిగుర్తులు

శుక్రవారం పొద్దున తొమ్మిది నలభైకి పీర్ మహమ్మద్, వకీలు ఈశ్వరప్ప గదిలో కూర్చుని, ఒకే ప్రశ్నను మూడోసారి అడిగాడు.

"నిన్న కోర్టులో పేకముక్కలను మొదట ముట్టుకున్నది ఎవరు?"

"చెప్పినా కదప్పా. బెంచి గుమాస్తా మూట కత్తిరించి ముక్కలు బల్ల మీద పోసినాడు. ఆదెన్న అయివారు వాటిని కలిపి, పంచి, తన ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. అంతలోనే ఎస్సై తిప్పయ్య లేచొచ్చి ఆయన చేతిలోనుంచి ఒక ముక్క లాక్కున్నాడు. బొటనవేలితో రుద్ది, వీటికి సూదితో గుర్తులు పెట్టినారు సార్ అన్నాడు."

"లాక్కున్నది ఏ ముక్క?"

"ఇస్పేటు రాజు."

"రెండు కట్టలు. జోకర్లతో కలిపి నూట ఎనిమిది ముక్కలు. మొదట పట్టుకున్నదానికే గుర్తు దొరికింది. తిప్పయ్యది మంచి చెయ్యే."

ఈశ్వరప్ప నవ్వాడు. "అందుకే నిన్ను పిలిపించినా. అది పోలీసుల పని. నాకు తెలుసు. రుజువు నువ్వు తేవాల."

"తెలిసినదానికి రుజువెందుకు సార్? తెలియనిదానికైతే తెస్తా."

పీర్ మహమ్మద్‌ది గోరంట్ల. ఇరవై రెండేళ్ళు వేలిముద్రల శాఖలో పనిచేశాడు. సరిపోని వేలిముద్రను సరిపోయిందని రాయమని పైఅధికారి చెబితే, రాయకుండా ఉద్యోగం వదులుకుని వచ్చాడు. అప్పటినుంచి వకీళ్ళు పిలిస్తే వెళ్ళి కేసుల్లో నిజానిజాలు వెతికి పెడుతున్నాడు. పిలిచిన వకీలును కూడా నమ్మడని అతనికి పేరు.

ఈ కేసు కాగితాలు రాత్రే చదివాడు. మార్చి పద్దెనిమిది, ఆదివారం, సాయంత్రం నాలుగున్నరకు రాళ్ళచెరువు క్లబ్బు మీద తిప్పయ్య దాడి చేశాడు. రమ్మీ ఆడుతున్న ఐదుగురిని పట్టుకుని జూదం కేసు పెట్టాడు. నలుగురు తప్పొప్పుకుని జరిమానా కట్టి ఇంటికి పోయారు. ఐదోవాడు కట్టలేదు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆదెన్న. ఊరంతా అయివారు అని పిలుస్తుంది. "నేను ఆడింది రమ్మీ. జూదం కాదు. ఆడనిదాన్ని ఆడినానని ఎట్లా ఒప్పుకుంటా?" అన్నారు. నవంబరులో ఆయన రిటైరు కావాలి. శిక్ష పడితే ఉద్యోగమూ పోతుంది, పింఛనూ పోతుంది.

ఈశ్వరప్ప ఫీజు తీసుకోకుండా ఆ కేసు పట్టాడు. నేర్పుతో ఆడే ఆటలకు జూదం చట్టం వర్తించదని ఆ చట్టంలోనే ఒక వాక్యం ఉంది. మూడు ముక్కలాటలో పడిన ముక్కే గెలిపిస్తుంది. రమ్మీలో అట్లా కాదు. ఎవరు ఏ ముక్క ఎత్తుకున్నారో, ఏది పారేశారో గుర్తుపెట్టుకుని, ఎదుటివాడి చేతిలో ఏముందో లెక్క కట్టినవాడు గెలుస్తాడు. వకీలు వాదన అది. మేజిస్ట్రేటు విని, "మాటలు చాలు, చూపించండి" అన్నాడు. కోర్టు ఎంచిన ముగ్గురితో, దాడిలో దొరికిన ముక్కలతోనే అయివారు ఆడాలి. ఆట మధ్యలో ఆపి, ఎదుటివాళ్ళ చేతుల్లో ఏమున్నాయో చెప్పాలి. నిన్న ఆ ఆటే మొదలు కాబోయింది. ఇప్పుడు ముక్కలకు గుర్తులున్నాయి కాబట్టి అయివారు మోసగాడు అనే మాట పుట్టింది. రేపు పదకొండుకు కోర్టు మళ్ళీ కూర్చుంటుంది.

"ఒక మాట సార్," అన్నాడు పీర్ మహమ్మద్ లేస్తూ. "ఊరికే ఎందుకు వాదిస్తాండారు?"

"ఈ ఆట మీద పెద్ద కోర్టు తీర్పు రావాలప్పా. జరిమానాలు కట్టి పోయేవాళ్ళతో తీర్పులు రావు. నిలబడేవాడు ఒకడు కావాల. ఆ తీర్పు వచ్చినపొద్దు దాని మీద నా పేరుంటుంది. కంబదూరు వకీలు, ఆయన కొడుకు వకీలు, ఇద్దరూ కోర్టు అమీనుల వెంట తిరిగి సచ్చినారు అనిపించుకోవడం నాకిష్టం లేదు."

ఆ జవాబు మాత్రం నిజమేనని పీర్ మహమ్మద్‌కు తోచింది.

పది ఇరవై ఐదుకు అతను కోర్టు వెనక ఉన్న సామాన్ల గదిలోకి వెళ్ళాడు. కేసుల్లో పట్టుబడిన వస్తువులన్నీ ఆ గదిలో ఉంటాయి. దాని గుమాస్తా నరసింహప్ప. ముప్పై ఏళ్ళవాడు. తాళంచెవిని జంధ్యంలాగా మెడలో వేసుకుని తిరుగుతాడు.

పీర్ మహమ్మద్ ముందు ముక్కలు ముట్టుకోలేదు. అవి ఉండిన గుడ్డ మూట తీసుకున్నాడు. పైకుట్టు మీద మూడు లక్క ముద్రలు. మూడూ చెదరలేదు. బెంచి గుమాస్తా వాటి కిందుగా కత్తిరించాడు.

"ఈ మూట ఎవరు కుట్టినారు?"

"స్టేషన్ మూటలన్నీ ఆడ ఊడ్చే మాబీనే కుడుతుంది సార్. దాడిపొద్దు కూడా ఆమెనే."

"ఈ గదిలో దుమ్ము ఎట్లుంటుంది?"

"పొద్దున ఊడిస్తే మధ్యాన్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు."

"మరి ఇది చూడు." పీర్ మహమ్మద్ భూతద్దం పక్కకుట్టు మీద పెట్టాడు. దారమంతా మట్టిరంగుకు తిరిగింది. ఒక్క నాలుగంగుళాల మేర మాత్రం తెల్లగా ఉంది. "మూడు నెలల దుమ్ము ఈ నాలుగంగుళాలను మాత్రం వదిలేసింది. మర్యాద తెలిసిన దుమ్ము."

నరసింహప్ప వంగి దారం వైపు చూశాడు.

"పైన ముద్రలు వేసినారు. పక్కన వేయలేదు. ముద్ర పగలకొట్టేవాడు దొంగ. పక్కకుట్టు విప్పేవాడు తెలివైనవాడు. చేయి లోపల పెట్టి ముక్కలు తీసి, పని అయినాక మళ్ళీ కుట్టినాడు."

తర్వాత ముక్కలు తీశాడు. క్లబ్బులో ఆట మొదలు పెట్టేముందు వంటమనిషి ముక్కలకు పౌడరు రాస్తాడు. ఎండకు చేతులు చెమర్చి ముక్కలు అంటుకుంటాయని ఆ అలవాటు. దాడినాటి పౌడరు ఇంకా పలచగా ఉంది. సూది ఆ పౌడరును చీల్చుకుని దిగింది. ఒక్క బెజ్జంలో కూడా పౌడరు చేరలేదు.

"గుర్తులు దాడి తర్వాత పడినాయి. అయివారు క్లబ్బులో మోసం చేసినాడనే మాట ఇంతటితో పోయింది."

నరసింహప్ప ముఖం ఒక్కసారిగా తేటపడింది. అది పీర్ మహమ్మద్ చూశాడు. చూసి, ముక్కలు వేరుచేయసాగాడు.

అంకెల ముక్కలకు గుర్తుల్లేవు. ఆసులకు లేవు. జోకర్లకు లేవు. బొమ్మలకే ఉన్నాయి. జాకీకి ఒకటి, రాణికి రెండు, రాజుకు మూడు. ఇరవై నాలుగు ముక్కలు, నలభై ఎనిమిది గుర్తులు.

ఇదేం మోసం? రమ్మీలో బొమ్మలు బరువు. కుదరకపోతే ముందు పారేసేది వాటినే. మోసగాడికి కావలసింది జోకరు. తర్వాత, ఎటైనా కలిసే ఐదు, ఆరు, ఏడు. వాటిని వదిలేసి రాజును గుర్తుపెట్టేవాడు రమ్మీ తెలియనివాడై ఉండాలి. మూడు ముక్కలాట మాత్రమే తెలిసినవాడు. కానీ మూడు ముక్కలవాడైతే ఆసును వదలడు.

అతను ముక్కను తిప్పి, కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమాడు. వెనకవైపు నున్నగా ఉంది. బొమ్మవైపు గరుకు తగిలింది. సూది వెనకనుంచి దిగి ముందువైపు లేచింది. ఎదుటివాడి ముక్క తెలియాలంటే గరుకు వెనకవైపు ఉండాలి. పంచేటప్పుడు వేళ్ళు తాకేది అక్కడే. ముందువైపు గరుకు, ముక్కను చేతిలో పట్టుకున్నవాడి బొటనవేలికి తప్ప ఇంకెవరికీ తగలదు.

తన చేతిలో రాజు ఉందని తెలుసుకోవడానికి ఎవడికైనా సూదిగుర్తు ఎందుకు?

జవాబు తోచలేదు. చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"ఈ మూటను చూడటానికి వచ్చినవాళ్ళ పేర్లు చెప్పు."

నరసింహప్ప రిజిస్టరు తెరిచి చదివాడు. "జూన్ ఐదు, మంగళవారం. ముద్దాయి వకీలు ఈశ్వరప్ప. ఒకటిన్నర నుంచి రెండు యాభై వరకు. జూన్ ఎనిమిది, శుక్రవారం. ఎస్సై తిప్పయ్య. పదకొండు ఇరవై నుంచి పదకొండు ముప్పై ఐదు వరకు. ఇంకెవరూ రాలేదు."

పీర్ మహమ్మద్ గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. తన దగ్గరున్న పాత అట్టముక్కలను సూదితో పొడిచి చూశాడు. కుట్టు విప్పడం, నూట ఎనిమిదిలోనుంచి బొమ్మలు ఏరడం, నలభై ఎనిమిది పోట్లు, మళ్ళీ కుట్టడం. ఎంత చేయి తిరిగినవాడికైనా ముప్పై ఐదు నిమిషాలు తప్పదు.

"తిప్పయ్య ఉన్నది పదిహేను నిమిషాలు."

"అవును సార్."

"వకీలు ఎనభై నిమిషాలు ఉన్నాడు. నువ్వు యాడుంటివి?"

"ఈడే. రెండుసార్లూ ఈడే కూర్చోనుంటి."

"ఎనభై నిమిషాలు వకీలు ముద్ర వేసిన మూటను పట్టుకుని ఏం చూసినాడు? పూజ చేసినాడా?"

"నాకు తెల్దు సార్. నేను నా పని చూసుకుంటాంటి."

"ఆదెన్న అయివారి దగ్గర చదువుకున్నావా?"

"ఈ కోర్టులో చదువుకోనోడు ఎవడుండాడు సార్? నాకు పందొమ్మిదో ఎక్కం ఆయన బెత్తం నేర్పింది."

"బెత్తం నేర్పింది మరిచిపోరు. అబద్ధం ఎవరు నేర్పినారు?"

నరసింహప్ప తాళంచెవిని చొక్కా లోపల వేసుకుని, రిజిస్టరు మూసేశాడు.

కోర్టు వసారాలో తిప్పయ్య అడ్డంగా నిలబడి ఉన్నాడు. పన్నెండు దాటి పది నిమిషాలైంది. చేతిలో టీ గ్లాసు.

"ఏమప్పా సాబూ, వేలిముద్రలు దొరికినాయా?"

"దొరికినాయి. నీవి కూడా. ఇస్పేటు రాజు మీద ఎంత బాగా పడినాయో. నూట ఎనిమిదిలో సరిగ్గా గుర్తున్న ముక్కే నీకెట్ల తెలిసింది?"

"అది అడుగుతావనే ఈడ నిలబడినా." తిప్పయ్య గ్లాసు గోడ మీద పెట్టాడు. "మీ అయివారు ముక్కలు చేతికి తీసుకున్నాక నేను ముక్కలు చూడలేదు, ఆయన వేలు చూసినా. ఎవడైనా ముక్కలు చూసుకుంటాడు. ఆయన తడుముకున్నాడు. ఒక ముక్క మీద వేలు నిలిచింది. దాన్ని లాక్కున్నా. ఇందులో మాయేముంది?"

పీర్ మహమ్మద్‌కు అది నచ్చలేదు. అబద్ధంలా లేదు మరి.

"గుర్తులు దాడి తర్వాత పడినాయి. మూట నీ స్టేషనుదీ, కోర్టుదీ. జవాబు నువ్వు చెప్పుకోవాల్సి వస్తుంది."

"చెప్పుకుంటా. పక్కకుట్టు తెల్లగుండేది నేను ఎనిమిదో తేదీనే చూసినా. నువ్వు ఈపొద్దు చూసినావు. నువ్వు పెద్దోడివి, నీకు గౌరవం ఇచ్చి చెప్తాండా. ఎవడు గుచ్చినాడో నాకు అక్కర్లేదు. ఎందుకు గుచ్చినాడో తెలుసుకున్నా. చాలు."

"తెలుసుకుంటే చెప్పు."

"కోర్టులో చెప్తా. రేపటికి రెండు కొత్త కట్టలు తెప్పిస్తాండా. మేజిస్ట్రేటు చేతనే విప్పిస్తా. నీకేమైనా అభ్యంతరమా?"

"నాకెందుకు? అయివారికి అంతకంటే ఏం కావాల?"

"అంతేగా," అన్నాడు తిప్పయ్య. ఆ నవ్వు చూశాక, ఒప్పుకోవడంలో తొందరపడ్డానేమోనని పీర్ మహమ్మద్‌కు అనుమానం పట్టుకుంది.

"నువ్వు రమ్మీ ఆడతావా తిప్పయ్యా?"

"ట్రైనింగులో అందరం ఆడినాం. నేర్పు ఉండాదని నాకూ తెలుసు. మా అన్నకు కూడా ఉండె. ఆ నేర్పుతోనే కణేకల్ కాలువ కింద ఉండే మూడెకరాలు ఆడి పోగొట్టినాడు. రేపు మీ వకీలు గెలిస్తే ప్రతి క్లబ్బు ముందరా బోర్డు పెట్టుకుంటారు, ఇది నేర్పు ఆట అని. బోర్డు చూసి మా అన్నలాంటోళ్ళు లోపలికి పోతారు."

"మీ నాయన ఏం సేద్యం చేసినాడు?"

"ఎర్రనేలలో శనక్కాయ."

"వాన వస్తుందో రాదో తెలియకుండా విత్తినాడా?"

"చీమలు చూసి, గాలి చూసి, కార్తె చూసి విత్తినాడు."

"పండిందా?"

"నాలుగేండ్లకు ఒకసారి."

"అది నేర్పా, జూదమా? పంట పోయిన మూడేండ్లూ దాడి చేసి మీ నాయనను పట్టుకుపోయి ఉంటే బాగుండేదా?"

"సాబూ, మాటల్లో నువ్వే గెలుస్తావు. రేపు ముక్కల్లో ఎవరు గెలుస్తారో చూస్తాం," అని తిప్పయ్య గ్లాసు తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడున్నరకు పీర్ మహమ్మద్ కోమటి అంగట్లో రెండు కొత్త కట్టలు కొని అయివారి ఇంటికి వెళ్ళాడు. ఆదెన్న వాకిట్లో చాప మీద కూర్చుని ఉన్నారు. ఆయన భార్య రామలక్ష్మమ్మ పక్కనే పాతచీరలతో బొంత కుడుతోంది.

"అయివారూ, రేపు కొత్త కట్టలంట. ఒక ఆట వేద్దాం. నాకు మీ నేర్పు చూడాలని ఉండాది."

ఆదెన్న చాప మీద చోటు చేసి, "వేయప్పా," అన్నారు.

పీర్ మహమ్మద్ పదమూడేసి ముక్కలు పంచాడు. అయివారు ముక్కలు విప్పి పట్టుకున్నారు. బొటనవేలు మూల మీద ఒకసారి తిరిగి, ఏమీ దొరకనట్టు ఆగిపోయింది. ముక్కలను వెలుతురుకు ఎత్తారు. దగ్గరికి తెచ్చుకున్నారు. నాలుగు చుట్లు తిరిగాయి. ఐదోసారి ముక్కలు కిందపెట్టి, "వరస పడింది," అన్నారు. "ఆఠీను జాకీ, రాణి, రాజు."

పీర్ మహమ్మద్ చూశాడు. "అయివారూ, అది జాకీ కాదు. అదీ రాజే."

రామలక్ష్మమ్మ సూది ఆగిపోయింది.

చీటీ మీద రాసుకున్న ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది. మిగతా ముక్కలకు చుక్కలుంటాయి. మసకలోనైనా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవచ్చు. బొమ్మలు మాత్రం మసకలో అన్నీ ఒకటే రంగుల ముద్ద.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు పీర్ మహమ్మద్ మెల్లగా.

"రెండేండ్లు దాటింది. పొర కమ్ముతాండాది. ఒక కంటికి పూర్తిగా." ఆదెన్న గొంతులో దాచినందుకు సిగ్గు తప్ప ఇంకేమీ లేదు. "బోర్డు మీద రాసింది నాకు కనపడదు. పిల్లోళ్ళను లెక్క పైకి చదవమంటా. నోటితోనే చేసి చెప్తా. ఒక్కడు కూడా కనుక్కోలేదు. కనుక్కుంటే ఇన్నాళ్ళ జీతం కూడా మోసమే అంటారు. ఐదు నెలలుండాది నాకు."

రామలక్ష్మమ్మ లేచి లోపలికి పోయి ఒక పాత కట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. బొమ్మలకు సూదిగుర్తులు. ఒకటి, రెండు, మూడు. ముందువైపు గరుకు.

"నేనే గుచ్చినా, అన్నా, బొంత సూదితో. క్లబ్బుకు పోలేక మనిషి కుములుతాండె. ఇంట్లో నాతో ఆడుకోనీలే అని. అంతే. కోర్టు ముక్కలు నేను చూసింది లేదు, ముట్టింది లేదు."

"ఈ కట్ట ఎవరైనా చూసినారామ్మా?"

"వకీలు సారు చూసినాడు. కోర్టులో ఆడాలంటే అలవాటు కావాలని మూడు వారాలుగా పొద్దుమునిగే ముందర వస్తాండాడు. ఒకపొద్దు వేలికి తగిలి, ఇదేందమ్మా అన్నాడు. చెప్పినా. ఏ బొమ్మకు ఎన్ని అని కూడా అడిగినాడు."

"నిన్న కోర్టులో ముక్క పట్టుకోగానే నాకు అర్థమైంది," అన్నారు ఆదెన్న. "నోరు తెరిచేలోగా తిప్పయ్య లాక్కున్నాడు. తర్వాత తెరవలేదు. అది మాత్రం నా తప్పే."

పీర్ మహమ్మద్ లేచి రెండడుగులు వేసి మళ్ళీ కూర్చున్నాడు. తనను పిలిచిన మనిషే మూట విప్పి, అయివారి వేలికి అందేలా గుర్తులు పెట్టాడు. దొరికిపోయాక, నేరం పోలీసుల మీదికి తోయడానికి తనను పిలిచాడు. రేపు బోనెక్కి నిజం చెబితే వకీలు పోతాడు. అయివారి కళ్ళ సంగతి బయటపడి ఉద్యోగమూ పోతుంది. చెప్పకపోతే కొత్త కట్టల ముందు అయివారు తేలిపోతారు. తిప్పయ్య నవ్వింది అందుకే.

"అయివారూ, కళ్ళు లేకుండా మీరు ఆడగలరా?"

"కళ్ళతో ఆడతారా ఎవరైనా?"

మళ్ళీ పంచారు. ఈసారి రామలక్ష్మమ్మ భర్త ముక్కలను ఒక్కొక్కటే ఆయన చెవిలో చెప్పింది. చెప్పిన క్రమంలో ఆయన వేళ్ళ మధ్య సర్దుకున్నారు. ఎవరు ఏది పారేసినా పేరు పైకి చెప్పాలని ఒప్పందం. ఆదెన్న కళ్ళు మూసుకున్నారు. తొమ్మిది చుట్లు తిరిగాక చేయి ఎత్తారు.

"ఆపు. కళావరు నాలుగు ఎత్తుకున్నావు, అంతకుముందు ఏడు పారేసినావు. అంటే నీకు కింది వరస కావాల. కళావరు మూడు, ఐదు నీ దగ్గరున్నాయి. డైమను తొమ్మిది రెండుసార్లు పోయినా ఎత్తలేదు, పది కూడా పారేయలేదు. పదులు జతగా ఉన్నాయి. ఇస్పేటు ఆసు మొదటినుంచి పట్టుకునుండావు. భయస్థుడివి, జోకరు లేదు నీకు." అట్లా పదమూడు ముక్కలకు పదకొండు చెప్పారు.

పీర్ మహమ్మద్ తన ముక్కలు చాప మీద పరిచాడు. పదకొండూ సరిగ్గా ఉన్నాయి.

"ఇది చూస్తే మేజిస్ట్రేటుకు వాదనే అక్కర్లేదు," అన్నాడు. "కళ్ళు లేని మనిషి గెలిచే ఆట అదృష్టం ఎట్లా అవుతుంది? రేపు మీరే లేచి, నాకు చూపు లేదు, ముక్కలు చదివి వినిపించండి అని చెప్పండి."

"చెప్తే కేసు గెలుస్తా. ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఉద్యోగమూ పోతుంది, మోసగాడనే పేరూ వస్తుంది." ఆదెన్న నవ్వారు. "ఈ లెక్క పిల్లోళ్ళకు ఇవ్వలేదు నేనెప్పుడూ."

"ఈయప్పకు నవ్వులాటగా ఉండాది," అంది రామలక్ష్మమ్మ. ఆమె కళ్ళు తుడుచుకోలేదు గానీ బొంత మళ్ళీ ముట్టుకోలేదు.

ఐదు గంటలకు నరసింహప్ప వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, వాకిట్లోనే నిలబడిపోయాడు.

"పొద్దున అబద్ధం చెప్పినా సార్," అన్నాడు పీర్ మహమ్మద్‌తో. "ఐదో తేదీ వకీలు సారు, అయివారికి మేలు జరిగే పని, గంటసేపు బయట కూర్చో అన్నాడు. కూర్చున్నా. ఏం చేసినాడో అడగలేదు." తర్వాత అయివారి వైపు తిరిగాడు. "తిప్పయ్య ఇంకో అర్జీ పెట్టినాడు. ఆట మొదలుపెట్టేముందర దాడి పంచనామా కాగితాన్ని మీరే కోర్టులో పైకి చదవాలంట. కేసు ఏందో మీకు తెలుసని రికార్డు కావాలంట. మేజిస్ట్రేటు సరే అన్నాడు. ఇదో నకలు."

తిప్పయ్యకు కళ్ళ సంగతి తెలిసిపోయింది. అయివారు తనంతట తాను చెప్పుకునే అవకాశం కూడా ఇవ్వకుండా, అందరి ముందూ కాగితం చేతికిచ్చి బయటపెడతాడు.

ఆదెన్న కాగితం తీసుకోలేదు. "ఎన్ని పుటలు?"

"మూడు సార్."

"పీర్ మహమ్మద్, ఒకసారి చదువప్పా. నిదానంగా. పుట తిప్పేచోటు చెప్పు, నేనూ ఆడే తిప్పాల. చెప్పాల్సింది నేను చెప్తా, నేను చెప్పాలనుకున్నప్పుడు చెప్తా. తిప్పయ్య చెప్పించాల్సిన పనిలేదు."

పీర్ మహమ్మద్ చదవసాగాడు. ఊరిపేరు, తేదీ, పంచులుగా ఉన్న ఇద్దరి పేర్లు. ఆదెన్న పెదవులు కదులుతున్నాయి.

"'ఈ దినం మధ్యాహ్నం మూడుంపావు గంటలకు, స్థానిక క్లబ్బులో ఆదెన్న తదితరులు ముక్కలతో జూదమాడుతున్నట్టు నమ్మకమైన సమాచారం అందగా, సబ్ ఇన్‌స్పెక్టరు గారు సిబ్బందితో...'"

పెదవులు ఆగిపోయాయి.

"ఆ వాక్యం మళ్ళీ చదువు."

చదివాడు.

"మూడుంపావు అనే ఉందా?"

"అంకెల్లోనూ ఉంది, అక్షరాల్లోనూ ఉంది."

"మూడుంపావుకు నేను ఈ చాప మీదే ఉన్నా." ఆదెన్న గొంతు తగ్గింది. "సంవత్సరంగా నేను క్లబ్బు గడప తొక్కలేదు. ఆపొద్దు మూడుకు కొండప్ప వచ్చినాడు, మాట్లాడాల్సింది ఉంది రమ్మన్నారని. పోయినా. పిలిచిన మనిషి ఆడ లేడు. చేయి తక్కువైంది, ఒక్క ఆట కూర్చోండి అయివారూ అన్నారు. కూర్చున్నప్పుడు క్లబ్బు గడియారం మూడు నలభై."

నేను ఇల్లు కదలకముందే నా పేరు పోలీసులకు అందిందా అని ఆయన అడగలేదు. అడగవలసిన పని లేదు.

పీర్ మహమ్మద్ లెక్క వేసుకున్నాడు. క్లబ్బులో ఎవరు దొరికినా కేసు అవుతుంది. నలుగురిలాగా జరిమానా కట్టి పోతారు. గెలిచే కేసు కావాలంటే, తప్పొప్పుకోని మనిషి, రమ్మీలో ఊరంతా ఒప్పుకున్న మనిషి దొరకాలి. అట్లాంటివాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన ఆట మానేశారు. ఎవరో ఆయనను పిలిపించి కూర్చోబెట్టాలి, ముందే పోలీసులకు ఆయన పేరు అందించాలి.

"కొండప్ప ఎవరి మనిషి?"

నరసింహప్ప తల వంచుకున్నాడు. రామలక్ష్మమ్మ చెప్పింది.

"ఈశ్వరప్ప సారు గుమాస్తా."

వీధి మలుపులో చెప్పుల చప్పుడు వినిపించింది. పొద్దు ఇంకా మునగలేదు. అలవాటు చేయించడానికి రోజూ వచ్చే వేళే.

"ఏం అయివారూ," వకీలు గొంతు బయటినుంచే పలకరించింది. "తయారుగా ఉన్నారా? మన సాబు కూడా ఉన్నట్టుండాడే."

పీర్ మహమ్మద్ పంచనామా మడిచి జేబులో పెట్టుకుని లేవబోయాడు. ఆదెన్న చేయి చాచి అతని మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టారు. చూపులేని కళ్ళు గుమ్మం వైపు తిరిగాయి.

"రా ఈశ్వరప్పా, కూర్చో," అన్నారు. తర్వాత గొంతు ఏమాత్రం మారకుండా, "పీర్ మహమ్మద్, ముక్కలు ముగ్గురికీ పంచు," అన్నారు.